సరకుగదికి కొయ్యచట్రపు అడ్డుగోడ

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశము జిల్లాల రేగడి భూములలో రైతు యిల్లు కాపురమునకే గాక సరకునకును ఆశ్రయము. కార్తికమాసము నాటికి పత్తి తీతలు సాగుచుండును. పుష్యము దాటిన పిమ్మట మిరప కోతలు వరుసగా వచ్చును. గుంటూరు యార్డునకు పంపువఱకో, శీతల గిడ్డంగిలో చోటు దొరకువఱకో, ధర నిలుకడ పొందువఱకో కొంత సరకు ఇంటనే యుండక తప్పదు. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల చెంత తీరము దాటినది. అట్టి వాన ముంచుకొని వచ్చినచో కల్లములో నున్నదంతయు ఒక్క రాత్రిలో ఇల్లు చేరవలసినదే.

అప్పుడు పెద్దగదిలో ఒక ప్రక్క మిరప టిక్కీలు, పత్తి బోరెములు. వేఱొక ప్రక్క పిల్లల మంచములు. మిరప ధూళి కన్నులను, ఊపిరిని బాధించును. ఉబ్బసము గల వృద్ధులకు ఆ రాత్రులు గడచుటయే కష్టము. కావున గదిని రెండుగా విభజింపవలెనను కోరిక ప్రతి యింటను కలుగుచున్నది. పలువురు వెంటనే తాపీపనివానిని పిలిచి, ఉన్న నేలమీదనే నాలుగున్నర అంగుళముల ఇటుక గోడ పెట్టించుచున్నారు. రెండు వర్షకాలములు గడచునప్పటికి ఆ గోడ మూలనుండి మూలకు పగులుచున్నది. దానికి బదులు కొయ్యచట్రపు గోడను ఎట్లు నిలుపవలెనో, అది యేమి చేయగలదో, యేమి చేయజాలదో సభ్యుల యుపయోగార్థము ఇచట వివరించుచున్నాము.

రేగడి నేలపై ఇటుక గోడ యేల పగులును?

రేగడిమన్ను నీరు త్రాగి ఉబ్బును, ఎండి క్రుంగును. వేసవిలో చేనియందు కాలు దిగునంత నెఱ్ఱెలు విచ్చుటయు, తొలకరితో అవి మూసికొనుటయు మన మెఱిగినదే. ఆ మన్నులోని మిక్కిలి సన్నని బంకరేణువులు తమ పొరల నడుమకు నీటిని లాగికొనుటయే దీనికి కారణము. ఇంటి అడుగున గల మన్నును అదే మన్ను. చూరు నీరు పడు అంచులలో తడిసి ఉబ్బును, నడిగదిలో ఎండియుండును. నేల యంతయు ఒక్క తీరున లేవదు, ఒక్క తీరున దిగదు. దానిపై నిలిచిన ఇటుక గోడ వంగజాలదు గనుక పగులును.

బరువు విషయము గూడ చూడుడు. 12 అడుగుల పొడవు, 9 అడుగుల యెత్తు గల నాలుగున్నర అంగుళముల ఇటుక గోడ, ద్వారపు ఖాళీ పోగా, పూత లేకయే సుమారు 18 క్వింటాళ్ళు తూగును. అదే కొలతల కొయ్యచట్రము ఒక ముఖమున పలకలతో కూడ రెండు క్వింటాళ్ళ ప్రాంతమున నుండును. పునాది లేని నేలపై ఏది పెట్టదగినదో దీనిని బట్టియే తెలియును.

ఐనను కొయ్యగోడ యని ధీమాతో దానిని నేలకును దూలమునకును నడుమ బిగించి మేకులు కొట్టినచో కీడే కలుగును. నేల లేచినపుడు గోడ దూలమును పైకి నెట్టును. పెంకులు కదలి కారును. కావున ఈ గోడకు మొదటి సూత్రము: ఇది దేనిని మోయరాదు, దేనిని నెట్టరాదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున ఉబ్బు మన్ను గల చోట్ల నేలమాళిగలోని అడ్డుగోడను పైకప్పునుండి వ్రేలాడదీసి, అడుగున సందు విడుచు వాడుక గలదు. మన పాత దూలములపై అట్టి బరువు వేయుట మంచిది కాదు గనుక, మనము గోడను నేలపై నిలిపి సందును పైన విడువవలెను.

గోడలోని భాగములు

నేలవెంట పరచు కొయ్యను అడుగుపట్టె యనియు, మీదిదానిని పైపట్టె యనియు, ఈ రెంటి నడుమ నిలుచు వానిని నిలువుపట్టెలనియు, నిలువుపట్టెల నడుమ అడ్డముగా బిగించు తుండ్లను అడ్డుపట్టెలనియు చెప్పుదము. ఇవన్నియు 3 అంగుళముల వెడల్పు, 2 అంగుళముల మందము గల కోతకొయ్యలు. నిలువుపట్టెకును నిలువుపట్టెకును నడిమి నుండి నడిమికి 2 అడుగుల యెడము చాలును. పలకలు 4 అడుగుల వెడల్పున దొరకును గనుక వాని అంచులు నిలువుపట్టె నడుమనే కలియును.

పైపట్టెకును దూలమునకును నడుమ ఒక అంగుళము సందు విడువవలెను. ఆ సందునకు ఇరుప్రక్కల దూలమునకు మాత్రమే రెండు సన్నని పట్టెలు కొట్టి, వానిని 3 అంగుళములు క్రిందికి దింపవలెను. పైపట్టె వాని నడుమ ఒరలో కత్తివలె నుండును. ప్రక్కకు పడదు, మీదికి మాత్రము కదలగలదు. వీనిని ఒరపట్టెలని పిలుతము. ఈ గోడలో ప్రాణమంతయు ఈ రెండు పట్టెలలో నున్నది.

కలప యెంపిక

కూల్చిన పాత యిండ్లలోని టేకు, వేప దూలములను కోయించిన కొయ్య అన్నిటికంటె మేలు. అది ఎండి, వంగవలసినంత వంగి, పురుగునకు నిలిచినది. కోయించుటకు ముందు పాత మేకులను తప్పక తీయవలెను.

క్రొత్త కలపలో చేవదేరిన వేప మంచిది. తెల్లకొయ్య భాగమును పురుగు తినును, దానిని చెక్కివేయవలెను. నల్లతుమ్మ గట్టిది గాని బరువు. బరమాతో బెజ్జము వేయనిదే మేకు దిగదు, దిగినను కొయ్య చీలును. తీరగ్రామములలో దొరకు సరుగుడు గుంజలు పందిళ్ళకు తగినవే గాని, ఎండినపుడు నెఱ్ఱెలు విచ్చును గనుక పలకలు బిగించు చట్రమునకు అంత మంచివి కావు. ప్రకాశము జిల్లాలో కాగితపు మిల్లులకై విరివిగా పెంచు సుబాబుల్ కఱ్ఱను పురుగు త్వరగా పట్టును. మందు పెట్టక వాడరాదు. ముదురు తాటిలో వెలుపలి నల్లని భాగమే కొయ్య. లోపలి మెత్తని దూటను పారవేయవలసినదే.

టేకు చెట్టు సొంత పొలములోనిదే యైనను నరికి తరలించుటకు అటవీశాఖవారి అనుమతి పత్రము కావలెను. ఈ సంగతి మఱచి బండి కట్టినవారు చిక్కులలో పడుదురు.

పచ్చికొయ్య వాడరాదు. కోతకొయ్యలను నీడలో, నేలకు ఎడముగా, వరుసకు వరుసకు నడుమ సన్నని పుల్లలుంచి పేర్చవలెను. ఒక తుండును గుర్తుంచి వారమున కొకసారి తూచుడు. తూకము తగ్గుట నిలిచిన దినమున అది పనికి సిద్ధమైనదని యెఱుగవలెను. పురుగు పట్టు కొయ్యలకు వెలిగారమును బోరిక్ ఆసిడ్‌ను వేడినీట కరగించి పలుమారులు పూసి, మరల ఆరబెట్టవలెను. కాలిన ఇంజను నూనె పూయువాడుక కొన్ని యెడల కలదు. తినుబండారమైన మిరపయు, అంటుకొను పత్తియు నుంచు గదికి అది తగదు.

సరంజామా లెక్క

12 అడుగుల పొడవు, 9 అడుగుల యెత్తు, 3 అడుగుల ద్వారము గల గోడకు లెక్క యిట్లుండును. అడుగుపట్టె ద్వారము పోగా 9 అడుగులు. పైపట్టె 12 అడుగులు. నిలువుపట్టెలు 7, ఒక్కొక్కటి 9 అడుగుల చొప్పున 63 అడుగులు. రెండు వరుసల అడ్డుపట్టెలు 21 అడుగులు. ద్వారముపై కమ్ము 3 అడుగులు, దాని మీది పొట్టి నిలువు రెండున్నర అడుగులు. వెరసి నూటపదిన్నర అడుగులు. తరుగునకు ఇంచుమించు పదవ వంతు చేర్చి 120 అడుగులు తెచ్చుకొనవలెను. 3 అంగుళములు, 2 అంగుళముల కొయ్య 24 అడుగులైన ఒక ఘనపుటడుగు. కనుక కావలసినది 5 ఘనపుటడుగులు. ఒరపట్టెలకు వేఱుగా 2 అంగుళముల వెడల్పు, ఒక అంగుళము మందము గల కొయ్య ఇరువైపుల దూలమువెంట 24 అడుగులు, రెండు ప్రక్కగోడలవెంట 36 అడుగులు, వెరసి 60 అడుగులు కావలెను. దూలమువెంట దిగు పట్టెలకు మాత్రము 5 అంగుళముల వెడల్పైనచో దూలమును పట్టుటకు చోటు చాలును.

8 అడుగుల నిడివి, 4 అడుగుల వెడల్పు గల పలకలు ఒక ముఖమునకు మూడు చాలును. కోసిన ముక్కలు పైభాగమునకును ద్వారముపై ఖాళీకిని సరిపోవును.

పలక ఒక ముఖముననే, అదియు సరకు వైపుననే బిగించుడని మా సలహా. రెండు ముఖములును మూసినచో నడుమ నేర్పడు బోలులో ఎలుకలు కాపురముండును; చెదలు పట్టినను కనబడదు. సరకు వైపున పలక యున్నచో ఏ బస్తాయైన ఒరిగినపుడు పలకను నిలువుపట్టెలకే అదుమును, మేకులను పెఱుకదు. మిరప ధూళి నిలుచుటకు అడ్డుపట్టెలు ఆ ప్రక్క నుండవు. కాపురము వైపున అవియే చిన్న గూళ్ళుగా పనికివచ్చును. ఖర్చును సగము తగ్గును.

పలకలలో సిమెంటు నారపలక మేలు. అది అంటుకొనదు, ఎలుక కొఱుకజాలదు. కోయునపుడు వచ్చు దుమ్ము ఊపిరితిత్తులకు చేటు గనుక ఆరుబయట, తడి చేసి, ముక్కునకు గుడ్డ కట్టుకొని కోయవలెను. పాత రాతినార రేకుల ముక్కలను మాత్రము ఎవ్వరును కోయరాదు. వాని పొడి ప్రాణాంతకమైన రోగములు తెచ్చునది. తడికయు మట్టిపూతయు పూర్వపు పద్ధతి. చౌకయే గాని ఎలుకలకు నిలువదు.

పని వరుస

1. గోడ సరిగా ఒక దూలము క్రిందికి వచ్చునట్లు చోటు నిర్ణయింపుడు. దూలమునుండి దారమునకు కట్టిన గుండును రెండు కొనల వ్రేలాడదీసి నేలపై గుర్తులు పెట్టి, సున్నపు దారముతో గీత కొట్టుడు.

2. గీతవెంట, ద్వారపు చోటు విడిచి, ఒక వరుస ఇటుక పఱచి సిమెంటుతో కట్టుడు. దానిపై 6 అంగుళముల వెడల్పు గల నాపరాతి బద్దలు, ఇరుప్రక్కల కొంచెము వెలికి వచ్చునట్లు వేయుడు. మాచర్ల నాపరాయి గాని, చీమకుర్తి క్వారీల గ్రానైటు ముక్కలు గాని దీనికి చాలును. చెదలు కొయ్యను చేరవలెనన్న ఈ రాతి అంచు చుట్టి మట్టి గొట్టము కట్టుకొనవలెను. అది మన కంటబడును. ఇటుక వరుసలో మూడడుగుల కొకటిగా ఇనుప పట్టీలు నిలిపి కొనలు పైకి వదలుడు.

3. నిలువుపట్టెల నిడివిని ప్రతిచోట వేఱుగా కొలువుడు. పాత దూలము ఎచ్చటను సమముగా నుండదు. కట్ట యెత్తును, రెండు పట్టెల మందమును, పై సందు ఒక అంగుళమును తీసివేసి కోయుడు.

4. చట్రమును నేలపై పఱచి కూర్పుడు. ఒక కొననుండి 2 అడుగులకు ఒక నిలువు, ఆపైన ద్వారము, 5 అడుగులకు రెండవ ద్వారపు నిలువు. పిమ్మట 6, 8, 10 అడుగులకు. రెండు కొనలకు ఒక్కొక్కటి. పట్టెలగుండ నిలువు కొనలోనికి 4 అంగుళముల మేకులు రెండేసి కొట్టుడు. గట్టి కొయ్యకు ముందుగా బరమాతో బెజ్జము వేయుడు. అడ్డుపట్టెలలో మొదటి వరుస అడుగునుండి 4 అడుగులకు, రెండవది 8 అడుగులకు నుండవలెను. పలకల అతుకు ఈ రెండవ వరుసపై వచ్చును. ద్వారము వద్ద అడుగుపట్టె తెగియుండును గనుక తాత్కాలికముగా ఒక కొయ్యను అడ్డముగా కొట్టి యుంచుడు.

5. మూలనుండి మూలకు దారముతో కొలువుడు. రెండు కొలతలును సమమైన చట్రము సరిగా నున్నది. కానిచో పొడవైన మూలను తట్టి సరిచేయుడు. ఈ పని ఇప్పుడు నిమిషముది. నిలిపిన పిమ్మట దినముది.

6. దూలమునకు ఒక వైపు ఒరపట్టెను ముందే కొట్టి, ముగ్గురు మనుష్యులతో చట్రమును నిలువబెట్టి దానికి ఆనించుడు. గుండుతో నిలువును, రసమట్టముతో మట్టమును చూచి, ఇనుప పట్టీలను అడుగుపట్టెకు మరమేకులతో బిగింపుడు. తరువాత రెండవ ఒరపట్టె కొట్టుడు. నడిమి యెడము చట్రపు 3 అంగుళములకు పలక మందమును చేర్చినంత యుండవలెను.

7. ప్రక్కగోడల చెంతను ఇదే పద్ధతి. కొననిలువును గోడకు మేకులతో బిగింపక, గోడకు కొట్టిన రెండు నిలువు ఒరపట్టెల నడుమ నుండనిండు. ఇంటి గోడయు నడిమి నేలయు ఒక్క తీరున కదలవు.

8. పలకలను అంచులలో 6 అంగుళములకు, నడుమ ఒక అడుగునకు ఒక్కొక్క మరమేకుతో బిగింపుడు. ఏ మరమేకును ఒరపట్టెలోనికి దిగరాదు. అతుకులపై సన్నని కప్పుపట్టెలు వేసిన ధూళి దాటదు. తలుపు అడుగున రేకు కొట్టి, గడపకును తలుపునకును నడుమ సందు లేకుండ చూడుడు. అర అంగుళపు సందు ఎలుకపిల్లకు రాజమార్గము.

మేకులకు మాఱుగా మరమేకులు వాడినచోట్ల గోడను విప్పుట సులభము. ఇంట పెండ్లి వచ్చి గది యంతయు కావలసినపుడు విప్పి అటుకపై పెట్టి, మరల నిలుపవచ్చును. ఇటుక గోడకు ఈ సౌకర్యము లేదు.

సరకు వైపు జాగ్రత్తలు

గదికి అడ్డము కట్టుటచే గాలి రాకపోకలు తగ్గును. ఇంతకుముందు ఎదురెదురు కిటికీలతో ఆరిన సరకు ఇపుడు ఉక్కలో పడును. కావున సరకు భాగమునకు వెలిగోడలో కిటికీ యున్నదో లేదో గోడ నిలుపకముందే చూచుకొనవలెను. లేనిచో ముందు కిటికీ, పిమ్మట అడ్డుగోడ.

మిరపలో తేమ 10, 11 శాతమునకు మించి యున్నచో మూసిన గదిలో బూజు పట్టును. ఆ బూజులో పుట్టు అఫ్లటాక్సిన్ అను విషము కంటికి కనబడదు, కడిగిన పోదు. కిలోకు మైక్రోగ్రాముల లెక్కన పరీక్షించి విదేశములవారు సరకు త్రిప్పి పంపుదురు. పత్తికిని అంతే. కాటన్ కార్పొరేషన్‌వారు 8 శాతము తేమను ప్రమాణముగా గైకొని, 12 శాతము దాటినదానిని తీసికొనరు. సరకును కల్లములో ఆరబెట్టియే లోనికి తేవలెను గాని గదిలో ఆరునని తలపరాదు. టిక్కీలను నేలపై గాక కొయ్యపీటలపై, అడ్డుగోడకు ఒక అడుగు ఎడముగా పేర్చుడు. గోడకు ఆనించి పేర్చినచో అది మోయరాని బరువు మోయవలసివచ్చును.

ఈ గోడ ఆపజాలనివి

ఇచట చదువరులు మిక్కిలి శ్రద్ధ వహింపవలెను. అడ్డుగోడ కట్టితిమిగదాయని ధైర్యపడి ప్రాణములమీదికి తెచ్చుకొనరాదు.

మొదటిది నిప్పు. పత్తి బోరెము లోలోపల గంటలకొలది రాజుకొని ఒక్కసారిగా మండగలదు. కొయ్యచట్రము దానిని ఆపదు. పలక కొంతసేపు ఆపును, అంతియే. కావున పొయ్యి గల గదికిని సరకుగదికిని నడుమ ఈ గోడ వలదు. అచట పునాదిపై లేచిన ఇటుక గోడయే తగినది. క్రొత్తగా కట్టువారు రేగడిలో అడుగున గుండ్రముగా విస్తరించిన కాంక్రీటు స్తంభములపై గోడ నిలుపుట మంచిది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు ఈ పద్ధతిని మన దేశపు రేగడి నేలలకై రూపొందించిరి. ఆ స్తంభములు 3.5 మీటర్లకు తక్కువ కాని లోతునకు, తేమ మాఱని మన్నులోనికి దిగును. అడ్డుగోడలో కరెంటు తీగలు పోవలసియున్న గొట్టములోనే పోవలెను. మీటలును ప్లగ్గులును పత్తి వైపున పెట్టరాదు. మంచములున్న వైపునుండి వెలుపలికి వేఱుగా ద్వారము తప్పక యుండవలెను. సరకుగది గుండ తప్ప వెలికి దారి లేని గదిలో ఎవ్వరిని పరుండబెట్టరాదు.

రెండవది విషవాయువు. ధాన్యపు పురుగునకై వాడు అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు గాలిలోని తేమ తగిలి ఫాస్ఫీన్ వాయువును విడుచును. పలకల సందులు, తలుపు క్రింది సందు, ఒరపట్టెల మీది సందు దానికి దారులే. ప్రక్కగదిలో నిద్రించువారికి మెలకువ రాకయే ప్రాణము పోవచ్చును. పిల్లలకు అపాయము మఱింత అధికము. ఈ బిళ్ళలను ప్రభుత్వ సంస్థలును తర్ఫీదు పొందిన నిపుణులును తప్ప ఇతరులు వాడరాదని మన దేశపు నిబంధన. ఎవరైన దొంగచాటుగా అమ్మినను కాపురమున్న ఇంటిలోనికి వానిని తేరాదు. చేనిమందుల డబ్బాలకును ఈ సరకుగది చోటు కాదు.

మూడవది బరువు. అటుకను గాని, దూలపు పగులును గాని ఈ గోడపై ఆనింపరాదు. దూలము వంగినచో దానికి వేఱుగా నిట్రాట నిలుపవలెను. అడ్డుగోడ నిట్రాట కాదు.

సంఘము చేయదగిన సాయము

ఒక్క యింటికి 5 ఘనపుటడుగుల కొయ్య కోయించుట ఖర్చుతో గూడినది. నలుగురైదుగురు సభ్యులు కూడి ఒక పాత యింటి కలపను కొని, ఒక్కసారి కోతమిల్లునకు పంపినచో కూలియు బండి బాడుగయు పంచుకొనవచ్చును. రసమట్టము, మూలమట్టము, బరమా ఏడాదిలో రెండు దినములు కావలసిన సామగ్రి. సంఘము ఒక జత కొని సభ్యులకు వంతులవారీగా ఇచ్చుట యుచితము. వేసవిలో మిరప ముగిసి గది ఖాళీయైన వెంటనే ఈ పని పెట్టుకొనుడు. అప్పుడు నేల పూర్తిగా ఎండి క్రుంగియుండును గనుక వానలలో ఎంత లేచినను పై సందులోనికే లేచును. వానకాలమున నేల ఉబ్బియున్నపుడు నిలిపిన గోడకు అర అంగుళము సందైన చాలును.

ఏటేట తొలకరికి ముందు ఒకసారి, కార్తికమున ఒకసారి మూడు చోట్ల చూడుడు: రాతి అంచున చెదల మట్టి గొట్టము, తలుపు అడుగున ఎలుక కొఱికిన గుర్తు, ఒరపట్టెల నడుమ మిగిలిన సందు. మట్టి గొట్టమును చెక్కివేసి మందు పూయుడు. రేకును సరిచేయుడు. సందు పావు అంగుళమునకు తగ్గినచో పైపట్టెను విప్పి నిలువులను తగినంత కోయించుడు. ఈ మూడింటికి అరగంట పట్టదు. ఇంటి దూలమును, ఏడాది సరకును అది కాపాడును.